వరుస తప్పిన పొట్లము

మార్గశిరమాసపు మునిమాపున పడమటి కొండల వెనుకకు జారుచున్న సూర్యబింబము జీడిమామిడి తోటలమీద కుంకుమ చల్లినట్లు వెలుగులు చిమ్ముచుండగా, మంచుపొరయు లారీల పొగయు ఏకమై బస్సులు నిలుచు కూడలినెల్ల పలుచని నీలితెరవలె కప్పుచుండగా, దశరథరామయ్య గారి ఫాస్ట్ ఫుడ్ దుకాణము వెనుకనున్న రేకుల గదిలో లింగరాజు తన సంచి సర్దుకొనుచుండెను. ఉతికి మడిచిన లుంగీలును మెడపట్టీ అరిగిన చొక్కాలును అడుగున చేరెను. వానిపై నొక అద్దము, దువ్వెన, గతించిన భార్య మెట్టెలు ముడివేసిన చిన్న గుడ్డమూట. అన్నిటికిని కడపట పాతపత్రికలో చుట్టిన ఇనుపగరిటె. దాని కాడ పొడవైనదగుటచే సంచిలో నిముడక బయటికి పొడుచుకొని నిలిచెను. సంచి మూతిని ఇరుచేతుల విప్పి పట్టుకొనియున్న వకుళమ్మ ఆ కాడవంకనే చూచుచుండెను. సంచి నిండుచున్న కొలది ఆమె యెడద ఖాళీ యగుచున్నట్లుండెను.

లింగరాజు ఆ దుకాణమునకు వంటమాస్టరు. ఉద్దానపు కొబ్బరితోటల నడుమ పుట్టి, పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి, మేనమామ పెంపకమున పెద్దవాడై, చేతికి గరిటె వచ్చిన నాటినుండి ఊరూర పొయ్యిముందు నిలిచి బ్రదికినవాడు. తొలికాన్పున భార్య పోయిన పిమ్మట అతనికి తనదనుకొను గడప లేకపోయెను. ఆ మేనమామ యిప్పుడు అండమాను దీవులలో పోర్టుబ్లెయిరున భోజనశాల నడుపుకొనుచు కాలు విరిగి మంచము పట్టెను. పొయ్యి చూచువారెవ్వరును లేరు గాన ఒక్క యేడాదిపాటు వచ్చి నిలువుమని మేనల్లునకు కబురంపెను. పెంచినవాని పిలుపును కాదనుట లింగరాజునకు చేతకాదు. మరునాటి యుదయమున విశాఖపట్టణమున ఓడ యెక్కవలెను.

వకుళమ్మ ఆ దుకాణముననే పొట్లములు కట్టునది. తాండవ యేటి యొడ్డునున్న పల్లెలో అన్నగారి పంచన నుండి ప్రతిదినము నడచి వచ్చి పోవును. చిన్ననాట తండ్రి సంతకు పోవుచుండగా వాకిట నిలిచి త్వరగా రమ్మని చెప్పెను. పెండ్లియైన కొలదికాలమునకే లారీ యెక్కి పోవుచున్న భర్తకును అట్లే చెప్పెను. ఇరువురిలో నొక్కరును ప్రాణములతో ఇల్లు చేరలేదు. నాటినుండి రమ్మను మాట ఆమె నోట పలుకదు. పొరుగింటి పసివానిని పిలువవలసి వచ్చినను చేసైగ చేయును గాని రమ్మనదు. లోకులు నవ్విన నవ్వుదురు గాక, ఒకసారి కాలిన నాలుకకు పాలును నిప్పే.

ఇక ఆ దుకాణపు తీరు చెప్పవలెను. అచ్చట కోరినదొకటియు దొరకినదొకటియు నగుట నిత్యకృత్యము. నూడిల్సు కోరినవానికి వేపుడన్నము వచ్చును. గుడ్డు ముట్టనివాని పొట్లమున గుడ్డు పొడసూపును. జనులు బస్సులో కూర్చుండి వంటవానిని తిట్టుకొందురు. వంటవాడు కేకవేసిన వానిని తిట్టును. వకుళమ్మ మాత్రము పొట్లముల కిటికీకడ నిలిచి సంవత్సరముల తరబడి చూచి చూచి ఆ తప్పు ఎచ్చట పుట్టుచున్నదో యెరిగియుండెను. ఆ కూడలిలో బస్సు నిలుచునది కప్పులోని టీ చల్లారునంత సేపు మాత్రమే. ఆ కొంచెపు కాలమునందే దిగినవారందరును ఆకలియై ఒక్కసారిగా మీదపడుదురు. నలువురు కోరిన నాలుగు రుచులును ఒకే బాండీలో పడును. ఉల్లి వలదన్నవాని వేడికోలును కారము తగ్గింపుమన్న తల్లి మాటయు ఆ మంటల హోరులో పొగయై పోవును. కోరినది అందరికిని సమానమైనదైన తప్పు లేదు, ఒక్కరు వేరుగ కోరిరా, ఆ వేరు మొట్టమొదట నశించును.

అంతకన్న చిత్రమైనది పొట్లముల వరుస. దశరథరామయ్య గారు చీటీలు వ్రాయుట కాలము పాడుచేయుట యని తలచువాడు. కోరినవారి కోర్కెలను వరుసగా లోనికి కేకవేయును, లోనినుండి వచ్చిన పొట్లములను వరుసగా బల్లమీద పెట్టించును, ఇది యెవరిదని యడుగక ఆ వరుసనే పట్టి అందించును. ముందువానికి ముందుది, వెనుకవానికి వెనుకది. మిక్కిలి వేగమైన పద్ధతి. అయితే వరుసలో నొక్కడు హారను మ్రోత విని తన పొట్లము విడిచి పరుగెత్తెనేని, వాని వెనుకనున్న వారందరి భాగ్యమును ఒక్కొక్క అడుగు జరుగును. ఇతనిది అతనికి, అతనిది ఆమెకు. కట్టకడపట స్వామి లేని పొట్లమొకటి బల్లమీద మిగిలిపోవును. తప్పు తెలియునది బస్సు కదలి అన్నవరపు కొండ కనుమరుగైన పిదప దారము విప్పినప్పుడు గదా. అప్పుడు తిరిగి వచ్చి యడుగువాడెవ్వడు. ఒకనాడు వకుళమ్మ ఈ సంగతి సావుకారునకు మెల్లగ విన్నవింపగా నాతడు గల్లాపెట్టె మీద చేయి చరచి నవ్వెను.

"పోయినోళ్ళెవరైనా తిరిగొచ్చి అడిగారేంటి వకుళమ్మా? అడగలేదుగా. అంటే బాగుందనేగా అర్థం" అనెను.

ఆమె మరల కిటికీకడకు పోయెను. కాని రాత్రులందు పడకపై నొరిగినప్పుడు చీకటి దారులలో పోవుచున్న బస్సులు ఆమె మనస్సున మెదలును. ఏ పసిబిడ్డ కారము కొరికి యేడ్చుచున్నదో, ఏ ముసలిది పొట్లము విప్పి ముట్టలేక మరల కట్టుకొని యాకలితో కూర్చున్నదో యని తల్లడిల్లును. ఒక్కటే ఊరట. తన చేతికి వచ్చినంతవరకు ఆమె యెన్నడును పొరబడలేదు. కిటికీ దాటిన పిమ్మట జరుగునది ఆమె చేతిలో లేదు.

ఆ మిగిలిపోయిన పొట్లములే లింగరాజును వకుళమ్మను దగ్గర చేసినవి. మిట్టమధ్యాహ్నము బస్సులు లేని వేళ దుకాణము సద్దుమణిగినప్పుడు వారిరువురును రేకుల గది నీడన కూర్చుండి స్వామి లేని పొట్లమును విప్పుదురు. లోనున్న దానిని చూచి దానిని కోరినవాడెట్టివాడో చెప్పుట లింగరాజునకు వేడుక. కారము లేక జీడిపప్పు దండిగ నున్న అన్నము కనబడిన, ఇది అత్తవారింటికి పోవుచున్న కొత్త పెండ్లికొడుకుది, పాపమిప్పుడు వాడు ఎవని మిరపకాయలో నమలి కన్నీరు కార్చుచు మామగారిపై బెంగయని చెప్పుకొనుచుండును అనువాడు. వకుళమ్మ చీరచెరగు నోటికడ్డము పెట్టుకొని నవ్వును. ఆమె నవ్వునది ఆ దినమునకు అప్పుడే. లింగరాజు మాత్రము ఆ తిండిని రెండు ముద్దలకన్న తినలేడు. రోజంతయు ఆ ఘాటునందే నిలిచినవాని కడుపు దానిని ఒల్లదు. అది గ్రహించి ఆమె చిన్న పొయ్యిమీద ఇంత నేయి కాచి, జీలకర్రయు దంచిన మిరియములును కరివేపాకును వేసి, వట్టి తెల్లయన్నము కలిపి పెట్టనారంభించెను. ఉల్లి లేదు, గుడ్డు లేదు, సీసాలలోని యెర్రరసములు లేవు. దుకాణపు బోర్డుమీద దాని పేరు లేదు. తక్కినవారు ఎవరిదో తిండి తినిపోవు ఆ చోట తనదైన తిండి తిన్నవాడు లింగరాజొక్కడే.

ఆ సంగతి తలచుకొనియే కాబోలు సంచి తాడు బిగించుచు నతడు తలయెత్తి చూచెను.

"వకుళమ్మా, నాకు ఒంకరమాటలు రావు. నువ్వు రమ్మంటే ఏడాది తిరిగీసరికి వొచ్చి నిన్ను మనువాడతాను. మీ అన్నతో నానే మాటాడతాను. వొద్దంటే నానక్కడే వుండిపోతాను, ఇక్కడ నాకెవలున్నారు. ఏటంటావు?"

వకుళమ్మ ముఖము పాలిపోయెను. గరిటె కాడను గట్టిగ పట్టుకొనెను.

"ఆ ఒక్క మాటా అడక్కండి మాస్టరు గారూ. నేను రమ్మన్నవాళ్ళెవరూ తిరిగి రాలేదండీ."

లింగరాజునకు ఆమె కథ తెలియును. కోపపడలేదు, వాదింపలేదు. కొంత యోచించి చిన్నగ నవ్వెను.

"అయితే నోటితో సెప్పకు. బస్సులో తినడానికి నాకో పొట్లం కట్టు. ఇప్పితే మిరియాలన్నం కనిపించిందా, రమ్మన్నావనుకుంటాను. బోర్డుమీద రాసున్నదేదైనా కనిపించిందా, వొద్దన్నావనుకుంటాను. కోపముండదు, మళ్ళీ అడగను. ఉత్తరం రాసి యిసిగించను. ఈ కొట్లో నా సెయ్యి తప్పుతాది, సావుకారి నోరు తప్పుతాది, నీ సెయ్యి మాత్రం తప్పదు."

అట్లైన పొట్లము తన చేతులతోనే యిత్తునని యామె మెల్లగ ననెను. అతడు తల యడ్డముగా నూపెను.

"నీ సేత్తో ఇస్తే నువ్వేడుస్తావు, నాను బస్సెక్కలేను. ఇన్నాళ్ళూ లోపల నిలబడ్డాను గదా, ఈ పూట బయట అందరితోపాటు నిలబడతాను. సావుకారి నాకు పొట్లమందిస్తే సూడాలని నాకూ సరదా" అని, సంచి భుజమునకు తగిలించుకొని వెలుపలికి నడచెను.

వకుళమ్మ చిన్న పొయ్యి వెలిగించెను. ఆమె మనస్సు వణకలేదు. ఇన్ని దినములును తనకు తెలియక తనయందే దాగియున్న సమాధానము ఆ నేతి తావితో పైకి లేచినట్లుండెను. మిరియములు చిటపటలాడినప్పుడు ఏమనుచున్నవో ఆమెకు వినబడెను. అన్నము కలిపి అరటియాకున పెట్టి పైన పత్రిక చుట్టి తెల్లదారముతో కట్టెను. అరటియాకు లోపలనే కాని పైకి అది తక్కిన పొట్లములవలెనే యుండెను. ఒక పసుపుచుక్కయైన గుర్తుగా పెట్టవలెనని ఆమె వ్రేలు సాగెను. ఇదేమి గుర్తని సావుకారడిగిన అందరియెదుట నేమి చెప్పవలెనో తోచక ఆ వ్రేలు వెనుకకు మరలెను. వరుస యున్నది గదా యని తన్ను తాను సమాధానపరచుకొనెను. వరుస సంగతి ఆ దుకాణమున నందరికన్న ఎక్కువ యెరిగినది తానే యని ఆ క్షణమున మరచెను.

ఇంతలో రెండు బస్సులు ఒక్కసారిగా వచ్చి నిలిచెను. ఒకటి విశాఖపట్టణమునకు పోవునది, రెండవది విజయవాడకు పోవునది. వానివెంట నొక జీపు. క్రొత్తగా గరిటె పట్టినవాడు మంటలముందు తడబడుచుండెను. బల్లయెదుట జనము మూగిరి. అందరికన్న ముందు నిలిచినవాడు సందెచీకటిలోను నల్లకళ్ళద్దములు తీయని జీపు ఆసామి. అతడు గుడ్డు నూడిల్సు కోరెను. వాని వెనుక లింగరాజు. లింగరాజు వెనుక చంకలో పిల్లతో నొక యిల్లాలు, ఆమె గోబీ రైసు కోరెను. లింగరాజు వంతు వచ్చినప్పుడు, ఏమి కావలెనో వకుళమ్మనే అడుగుడని నవ్వుచు చెప్పెను. వకుళమ్మ నూడిల్సు పొట్లమును మొదట, మిరియాలన్నపు పొట్లమును దాని పక్కన, గోబీ రైసు పొట్లమును ఆపైన బల్లమీద నుంచెను. ఒక్కటియు తప్పలేదు.

వెంటనే లోపలనుండి క్రొత్తవాని కేకయు వెలుపలినుండి మరి పదుగురి కోర్కెలును ఆమెపై విరుచుకొని పడెను. తలవంచి కట్టుచునే యుండెను. ఒక్కమారు మాత్రము తల యెత్తి కిటికీలోనుండి చూచెను. దశరథరామయ్య గారి చేతినుండి లింగరాజు పొట్లము నందుకొనుచుండెను. అందుకొని, గుడిలో ప్రసాదము నందుకొన్నవానివలె దానిని కన్నుల కద్దుకొని, కిటికీవంక తిరిగి పొట్లమును కొంచెము పైకెత్తి చూపెను. అతని ముఖమునందు వెలుగుండెను. వకుళమ్మకు కన్నులు నిండెను. ఆ తడి తెరలోనుండియే, సంచినుండి పొడుచుకొని వచ్చిన గరిటె కాడ జనులమీదుగా కదలి బస్సు మెట్లెక్కి లోనికి పోవుట చూచెను. బస్సు కదలెను. జన్మమున మొదటిసారి యామె ఒకని ప్రయాణమును భయము లేక చూచెను.

విజయవాడ బస్సు మాత్రము కదలలేదు. దాని చక్రమునకు మేకు గ్రుచ్చుకొని గాలిపోయెను. ఆ మేకు లేకున్న ఈ కథ తెలియువారెవ్వరును లేరు. చక్రము మార్చు లోపల చంకపిల్లతోడి యిల్లాలు పిల్లకు తినిపింపవలెనని పొట్లము విప్పి చూచి, విప్పిన పొట్లముతోనే దుకాణమునకు వచ్చెను. ఆ దుకాణము పెట్టిన నాటినుండి తప్పు చెప్పుటకు తిరిగి వచ్చిన మొదటి మనిషి ఆమెయే.

"ఏవండీ, నేనడిగింది గోబీ రైసండీ. మీరిచ్చిందేమో మిరియాలన్నం. బోర్డుమీద కూడా లేదిది. వాసన బాగానే ఉంది గానండీ, మా పిల్ల ఘాటు తినదు."

దశరథరామయ్య గారు నివ్వెరపోయి చూచుచుండగా వకుళమ్మ కిటికీ విడిచి వెలుపలికి వచ్చెను. బల్లమీద విచ్చియున్న అరటియాకును చూచెను. ఆ యిల్లాలివైపు తిరిగెను.

"మీ ముందర ఎవరు నిలబడ్డారమ్మా?"

"సంచీలోంచి గరిటె కాడ బయటికొచ్చింది చూడండి, ఆయనండీ."

"ఆయన ముందర?"

"నల్లకళ్ళద్దాలాయన. జీపులోవాళ్ళు హారన్ కొడుతుంటే పొట్లం తీసుకోకుండానే పరిగెత్తాడండీ."

సావుకారు లోనుండి మిగిలిన పొట్లమొకటి తెచ్చి ఆ యిల్లాలికిచ్చి, ఒక పొట్లమునకు ఇంత రాద్ధాంతమేల యని గొణిగెను. వకుళమ్మకు అది వినబడలేదు. ఆమె రోడ్డుమీదికి వచ్చి నిలిచెను. తూర్పుదిక్కున దూరమున ఎర్రదీపమొకటి మంచులో కరగిపోవుచుండెను. అచ్చట నొక కిటికీ ప్రక్కన కూర్చున్న మనిషి యొడిలో, ఎవడో నల్లకళ్ళద్దములవాడు కోరిన గుడ్డు నూడిల్సు వెచ్చగ నుండెను. బోర్డుమీద మొట్టమొదటి పంక్తిలో వ్రాసినది అదే.

కొంత తడవునకు విశాఖపట్టణమునకు పోవు మరియొక బస్సు వచ్చెను. వకుళమ్మ చీరచెరగు నడుమున దోపి మిరియాలన్నపు పొట్లమును మరల కట్టి చేతబట్టుకొని బస్సు మెట్టుమీద కాలు పెట్టెను. ఓడరేవు దాక పోయి, గేటుకడ నిలిచి, అతని చేతికే దీనినిచ్చి రావలెననుకొనెను. అన్న యేమనిన అననిమ్ము, ఊరేమనుకొనిన అనుకొననిమ్ము. కండక్టరు తన పని తాను చేయువాడే గాన తలవంచి టిక్కెట్ల కట్ట సవరించుచు, "ఎక్కడికమ్మా?" అని యడిగెను.

బయలుదేరువారిని ఎక్కడికని అడుగరాదు. అడిగిన ఆ ప్రయాణము ఫలింపదని ఆమె పుట్టిననాటినుండి విన్నది. తండ్రిని ఆనాడు పొరుగువాడట్లే యడిగెను, భర్తను తన అత్తయే యడిగెను. ఆ ప్రశ్నను బస్సు నెక్కు ప్రతివానిని అతడు అడుగవలసినదే యని ఆమె బుద్ధికి తెలియును. బుద్ధికి తెలిసినది కాలికి తెలియలేదు. మెట్టుమీది కాలు నేలమీదికి దిగెను. ఆమె ఆ కండక్టరునే బతిమాలుకొని, రేపుదయమున ఓడరేవుకడ గరిటె కాడ బయటికున్న సంచితో లింగరాజను మాస్టరు కనబడిన, పొట్లము మారినదని, తనది మిరియాలన్నమేనని చెప్పుమనెను. తాను రేవువైపు పోనని, పోవువానికెవనికైన చెప్పెదనని అతడు మంచిమనసుతోనే చెప్పి విజిల్ ఊదెను. బస్సు పోయెను. కోరిక యొకటి ఒక నోటినుండి ఇంకొక నోటికి, ఆ నోటినుండి మరొక నోటికి పోవుచు ఏమగునో వకుళమ్మకన్న నెక్కువ యెరిగినవారు లేరు. ఉత్తరము వ్రాయుదమన్న ఆ దీవిలోని భోజనశాల పేరుగాని వీధిగాని ఆమె యెరుగదు.

ఆమె దుకాణము వెనుకకు వచ్చి, కొలది సేపటిక్రిందట సంచి నిలిపియుంచిన చోటునందే కూర్చుండి పొట్లము విప్పెను. అన్నము చల్లారియుండెను. స్వామి లేని పొట్లమును విప్పి యిది యెవరిదో చెప్పువాడు ప్రక్కన లేడు. ఒక్కొక్క ముద్దయే తినుచు ఆమె ఆలోచించెను. ఆ దుకాణమున పొట్లములెట్లు మారునో లింగరాజునకు తెలియదా. జీపువాడు పరుగెత్తుట ఆతని కన్నులయెదుటనే గదా జరిగినది. దారము విప్పి నూడిల్సు చూచినప్పుడు, వరుస తప్పినదని ఒక్క నవ్వు నవ్వి, వచ్చుటకే నిశ్చయించుకొనియుండడా. ఈ తలపు ఆమెకు దీపమువలె తోచెను. కాని మరుక్షణముననే అతని మాట చెవిలో మ్రోగెను. నా చేయి తప్పును, సావుకారి నోరు తప్పును, నీ చేయి మాత్రము తప్పదు. ఇన్నేండ్లు ఒక్క పొట్లమునందైన ఆమె పొరబడియుండిన, అతడు తప్పుజరిగినదని తలచుటకు తావుండెడిది. నమ్మికకు సందేహించుట తెలియదు. ఆ పొగడ్తయే వారి నడుమ మూసిన తలుపయ్యెను.

మరునాటినుండి వకుళమ్మ బల్లకడకు వచ్చి తానే పొట్లము లందింపసాగెను. ప్రతివాని ముఖమువంకయు చూచి, మీరు కోరినదేమని యడిగి, వారి నోట విన్న పిమ్మటనే చేతిలో పెట్టెడిది. హారనులు మ్రోగినను, జనులు విసుగుకొనినను, సావుకారు పండ్లు కొరికినను మానలేదు. ఒకరిద్దరు బస్సు తప్పిపోయి తిట్టినారు. పిదప పిదప ఆ దుకాణమున కోరినదే దొరకునని డ్రైవర్లు చెప్పుకొనగా బస్సులు ఇంకొంత యెక్కువ సేపు నిలువసాగెను. దశరథరామయ్య గారు అదియంతయు తన తెలివియేనని వచ్చినవారికి చెప్పుకొనెడివారు. ఆమె కాదనలేదు. సంచి భుజమున తగిలించుకొని విశాఖవైపునుండి దిగిన ప్రతి ప్రయాణికుని సంచినుండి కాడ యేమైన పొడుచుకొని వచ్చినదా యని మాత్రము చూచెడిది.

తొందరపాటున చెడునది అన్నము కాదు. ఒకరు ఒకరికై వేరుగ కోరిన చిన్నకోరిక చెడును. తినువాడు వేరొకని తిండితో కడుపు నింపుకొని పోవును. కోరిక మాత్రము స్వామి లేని పొట్లమువలె బల్లమీద చల్లారుచుండును.

లింగరాజు మరల రాలేదు. ధాత నామ సంవత్సర మార్గశిర బహుళ పంచమినాటి సాయంకాలము విశాఖపట్టణపు బస్సెక్కి పోయెను.